కొత్త ట్రైలరు, కొత్త విద్య

విజయవాడ చేరువలోని ఇబ్రహీంపట్నం నుంచి కొత్తగూడెం, భద్రాచలం, చింతూరు మీదుగా శబరి ఒడ్డున ఉన్న కుంట చేరి, అక్కడి నుంచి సుక్మా, జగదల్‌పూర్‌ల వైపు సాగిపోయే రహదారి తెలుగునాటికీ బస్తరుకూ నడుమ ప్రధానమైన బాట. ఒకప్పుడు ఈ భాగం 221వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చినప్పటి నుంచి ఇది 30వ నంబరు రహదారిలో భాగమైనది. హిందీలో కొంటా అని వ్రాసే ఈ కుంట తహసీలులోనే, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా, గొల్లపల్లి అనే గ్రామం ఉన్నది. ఊరి పేరు తెలుగు. చుట్టుపట్ల కోయ, దోర్లా మాటలూ తెలుగూ కలిసి వినిపిస్తాయి. బడిలోనూ కచేరీలోనూ హిందీ. 1998 వరకు బస్తరు జిల్లాలోను, తరువాత దంతెవాడ జిల్లాలోను ఉండిన ఈ ప్రాంతం 2012 నుంచి సుక్మా జిల్లాకు చెందినది.

ఈ బాట మీద తిరిగే వాహనాల రూపం కాలక్రమాన మారుతూ వచ్చింది. బైలదిల్లా కొండలలో 1968లో ఇనుప ఖనిజం తవ్వకం మొదలైనప్పుడు, సరకులో అధికభాగం కిరండూల్ రైలు మార్గం ద్వారా విశాఖపట్నం చేరేది. ఇప్పటికీ ఆ రైలు మార్గానిదే పెద్ద పాత్ర. అయితే జగదల్‌పూర్ దగ్గర నగర్నార్‌లో సంవత్సరానికి 30 లక్షల టన్నుల సామర్థ్యంతో నిర్మించిన ఉక్కు కర్మాగారం 2023 అక్టోబరులో జాతికి అంకితమైన తరువాత, చాపచుట్టలవలె చుట్టిన ఉక్కు కాయిళ్లను రోడ్డు మీదుగా తీసుకుపోయే అవసరం కూడా ఏర్పడినది. అటువంటి సరకుకు తగిన వాహనం ట్రైలరు లారీ. ముందు ఇంజను బండి, వెనుక పొడవైన బల్ల, రెండింటికీ నడుమ ఒక కీలు.

గొల్లపల్లి వంటి గ్రామాలలో వాహనం తోలడం నేర్చిన యువకుడు సాధారణంగా పొలం ట్రాక్టరుతో మొదలుపెడతాడు. తరువాత చిన్న సరకు బండి, ఆ తరువాత లారీ. కొన్నేళ్ళు ఇతరుల బండి తోలిన మీదట సొంత బండి కొనాలనే కోరిక కలగడం సహజమే. బ్యాంకు గాని, ఫైనాన్సు సంస్థ గాని అప్పు ఇస్తుంది, బండి వస్తుంది, పూలదండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి బయలుదేరతారు. ఇక్కడే చిక్కున్నది. అప్పు వాయిదాకు తేదీ ఉన్నది, నేర్చుకొనడానికి తేదీ లేదు. లారీ బాగా తోలగలవాడికి ట్రైలరు తోలడం ఎంతపని అనే ధీమాతో మొదటి వారంలోనే నిండు బరువుతో ఘాటు దించిన బండి కథలు ఈ మార్గంలోని ప్రతి దాబాలోనూ వినిపిస్తాయి. ట్రైలరు పెద్ద లారీ కాదు. అది వేరొక జాతి వాహనం. దానికి వేరే విద్య కావాలి.

ముందుగా చట్టం మాట. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా వాహనం తోలడానికి 20 సంవత్సరాల వయస్సు నిండాలి. తేలిక వాహనపు లైసెన్సు చేతికి వచ్చి కనీసం ఒక సంవత్సరమైన తరువాతనే రవాణా వాహనపు లెర్నరు లైసెన్సు ఇస్తారు. మొత్తం బరువు 7,500 కిలోలు మించని సరకు బండిని తేలిక వాహనపు లైసెన్సుతోనే తోలవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసినది గాని, ఆ వెసులుబాటు ట్రైలరుకు ఏమాత్రం వర్తించదు. రవాణా లైసెన్సు 5 సంవత్సరాలకు ఒకసారి పునరుద్ధరించుకొనాలి. ప్రమాదకర పదార్థాలు తీసుకుపోయేవారికి ఆ గడువు 3 సంవత్సరాలే. లైసెన్సు మీద ట్రైలరు పేరు వేరుగా నమోదు కావలసి ఉన్నదేమో ప్రాంతీయ రవాణా కార్యాలయంలో బండి కొనక ముందే విచారించుకొనడం మంచిది. బీమా చెల్లింపు సమయంలో మొదట అడిగే కాగితం అదే.

2021లో వచ్చిన నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలలో భారీ వాహనాల వారికి 6 వారాలలో 38 గంటల శిక్షణ ఉంటుంది. ఈ కేంద్రాలలో సిమ్యులేటరూ, పరీక్షా మార్గమూ ఉండి తీరాలి. ఆ 38 గంటలూ విలువైనవే. కాని అవి పునాది మాత్రమే. అనేక పాశ్చాత్య దేశాలలో కీలు బండికి వేరే తరగతి లైసెన్సు, వేరే పరీక్ష ఉంటాయి. వెనక్కు నడిపి ఇరుకైన చోట నిలపడం, ట్రైలరును తగిలించడం, విప్పడం ఆ పరీక్షలో భాగాలు. ఇక్కడ ఆ పాఠం చాలాకాలం క్లీనరు సీటులోనే సాగింది. క్లీనరుగా చేరిన కుర్రవాడు టైర్లు తట్టి గాలి చూడడం, తాడు బిగించడం, రాత్రివేళ వెనుక నిలిచి కేకవేసి బండిని వెనక్కు రప్పించడం చేస్తూ చేస్తూ రెండుమూడేళ్ళలో స్టీరింగు పట్టేవాడు. నేషనల్ పర్మిటు బండికి ఇద్దరు డ్రైవర్లుండాలనే నియమం కూడా 2018లో తొలగింది. ఖర్చు తగ్గింది, నిజమే. దానితోపాటు గురువు పక్క సీటు కూడా ఖాళీ అయినది. సొంత బండి కొన్న కొత్త యజమాని మొదటి రెండు నెలలైనా అనుభవజ్ఞుడైన ట్రైలరు డ్రైవరును జీతమిచ్చి పక్కన కూర్చోబెట్టుకొనడం వృథా ఖర్చు కాదు. అటువంటి జీతం ఒక్క టైరు ఖరీదుతో పోల్చి చూసుకొనవచ్చును.

నేర్చుకొనడం ఖాళీ బండితో, ఖాళీ స్థలంలో మొదలు కావాలి. కోత అయిన తరువాతి గట్టి నేల గాని, వారపు సంత లేని రోజున సంత మైదానం గాని చాలును. అక్కడ మొదటి పాఠం ముందుకు పోవడం కాదు, వెనక్కు రావడం. ఎడ్లబండిని వెనక్కు నెట్టిన ప్రతి రైతుకూ దీని సూత్రం తెలుసు. నొగ కుడివైపుకు తిరిగితే బండి వెనుకభాగం ఎడమకు పోతుంది. ట్రాక్టరు తొట్టి తోలినవారికి ఇది ఇంకా బాగా తెలుసు. ట్రైలరు కూడా అంతే. స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలరు తోక ఎడమకు సాగుతుంది. ఈ తికమక పోగొట్టుకొనడానికి అనుభవజ్ఞులు ఒక ఉపాయం చెబుతారు. చేతిని స్టీరింగు పైభాగాన కాక అడుగుభాగాన పెట్టాలి. అప్పుడు చేయి ఏ వైపుకు జరిగితే ట్రైలరు తోక ఆ వైపుకే జరుగుతుంది. స్టీరింగును కొద్దికొద్దిగా మాత్రమే తిప్పాలి. ట్రైలరు వంగడం ఆలస్యంగా మొదలవుతుంది, మొదలైన తరువాత వేగంగా పెరుగుతుంది. కొత్తవాడు ఆ ఆలస్యం చూసి మరింత తిప్పుతాడు. అంతలో బండి మడతపడిపోతుంది. అలా అయినప్పుడు సరిదిద్దబోక, ముందుకు పోయి, వరుస సరిచేసుకొని, మళ్ళీ ప్రారంభించడమే సరైన పద్ధతి. పదిసార్లు ముందుకు పోయినా నామోషీ లేదు. వీలైనంతవరకు కుడివైపుకే వెనక్కు తీసుకొనాలి. డ్రైవరు కూర్చునేది కుడివైపు గనుక కిటికీలోనుంచి తోక కనబడుతుంది. ఎడమకు తీసుకుంటే అద్దమొక్కటే గతి, బండి వంగగానే ఆ అద్దంలో కనబడేది ట్రైలరు పక్క రేకు మాత్రమే.

రెండవ పాఠం మలుపు. ముందు చక్రాలు పోయిన దారిన వెనుక చక్రాలు రావు. అవి మలుపు లోపలి వైపుకు అడ్డంగా కోసుకుంటూ వస్తాయి. బండి ఎంత పొడవైతే కోత అంత ఎక్కువ. ఎడమ మలుపులో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఎడమచేతి ప్రయాణపు నియమం వల్ల ఆ మలుపు ఇరుకైనది; పైగా అది డ్రైవరుకు కనబడని వైపు. అందుచేత ముందుభాగాన్ని కూడలిలోకి ఎక్కువగా పోనిచ్చి, ఆ తరువాత తిప్పాలి. అయితే మలుపుకు ముందే కుడికి వెడల్పుగా జరిగితే, లారీ కుడికి తిరుగుతున్నదనుకొని ఎడమ సందులోకి మోటారు సైకిలు దూరుతుంది. కుంట, సుక్మా బజార్లలో సంత రోజున ఈ పొరపాటు ప్రాణం తీయగలదు. ఎడమ సందు మూసి ఉంచి, సూచిక దీపం ముందే వేసి, నడక వేగంతో తిరగడం తప్ప దీనికి దగ్గర దారి లేదు. గ్రామాలకు పోయే దారుల మలుపులూ కల్వర్టులూ ఇటువంటి బండిని ఉద్దేశించి కట్టినవి కావు. సొంత ఊరివారికి కొత్త బండి చూపించాలనే ముచ్చట ఎంతటిదైనా, ట్రైలరును పెద్ద రోడ్డు మీద విడిచి ముందు బండిని మాత్రమే ఊళ్ళోకి తీసుకుపోవడం వివేకం.

విడవాలంటే విప్పడం, తగిలించడం తెలియాలి. ముందు బండి మీద వెనుకవైపున జిడ్డు పూసిన ఒక ఇనుప పళ్ళెం ఉంటుంది. దానిని ఫిఫ్త్ వీల్ అంటారు. పేరుకు ఐదో చక్రమే గాని అది దొర్లేది కాదు. ట్రైలరు అడుగున దిగి ఉండే కింగ్ పిన్ అనే లావుపాటి మేకు ఈ పళ్ళెం నోటిలో ఇరుక్కొని దవడలు మూసుకొంటాయి. పదుల టన్నుల ట్రైలరు సమస్తం లాగబడేది ఆ ఒక్క మేకుతోనే. తగిలించేటప్పుడు బండిని తిన్నగా వెనక్కు తెచ్చి, ట్రైలరు ముందుభాగం పళ్ళెం మీదికి కొంచెం ఒరుసుకుంటూ ఎక్కేటంత ఎత్తులో ఉన్నదో లేదో దిగి చూడాలి. ట్రైలరు మరీ ఎత్తుగా ఉంటే మేకు దవడల పైనుంచి దాటిపోయి క్యాబిను వెనుక గోడను ఢీకొంటుంది. శబ్దం వినబడింది కదా అని నమ్మరాదు. టార్చి పట్టుకొని కిందికి దూరి, దవడ మేకు చుట్టూ మూసుకొన్నదీ లేనిదీ కంటితో చూడాలి. తరువాత ట్రైలరు బ్రేకులు పట్టి ఉండగానే మొదటి గేరులో మెల్లగా ఒక లాగు లాగి చూడాలి. ఆ పిమ్మట గాలి గొట్టాలు, కరెంటు తీగ తగిలించి, ట్రైలరు ముందరి ఇనుప కాళ్ళు పైకెత్తాలి. విప్పేటప్పుడు ముందు కాళ్ళు దించాలి. వర్షాకాలంలో మెత్తని నేల మీద కాళ్ళ కింద మందపాటి చెక్కలు వేయకపోతే తెల్లవారేసరికి ట్రైలరు ముక్కు నేలలో దిగి ఉంటుంది.

ఆ గాలి గొట్టాల సంగతి కొంచెం వివరంగా తెలుసుకొనాలి. భారీ వాహనాల బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. గాలి లేకపోతే బ్రేకులు లేవని కొత్తవారు అనుకొంటారు. సగం మాత్రమే నిజం. నిలిపి ఉంచే బ్రేకును పట్టి ఉంచేది బలమైన స్ప్రింగు. దానిని విడిపించేది గాలి. అందుకే గాలి నిండేదాకా బండి కదలదు. దారిలో ఒత్తిడి బాగా పడిపోతే చక్రాలు తమంతట తామే బిగుసుకొంటాయి. ట్రైలరుకు పోయే రెండు గొట్టాలలో ఒకటి ఎప్పుడూ గాలి అందించేది, రెండవది పెడలు తొక్కినప్పుడు ఆజ్ఞ తీసుకుపోయేది. మొదటిది తెగితే ట్రైలరు బ్రేకులు వెంటనే పడతాయి. ప్రతి ఉదయం గాలి తొట్లలో చేరిన నీటిని వదలివేయడం, ఇంజను ఆపి ఒత్తిడి ముల్లు దిగుతున్నదేమో చూడడం అయిదు నిమిషాల పని.

ఇక ఘాటు. జగదల్‌పూర్ నుంచి రాయపూరు వైపు పోయేవారికి కొండాగావ్, కాంకేర్‌ల నడుమ కేశ్‌కాల్ ఘాటు తగులుతుంది; పన్నెండు మలుపుల ఘాటు అని డ్రైవర్లలో దానికి పేరు. విశాఖపట్నం వైపు పోయేవారికి కోరాపుట్ దాటిన తరువాత సాలూరు ఘాటు ఉన్నది. దిగుడు ఎందుకు ప్రమాదకరమో ఒక చిన్న లెక్క చెబుతుంది. 55 టన్నుల బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకొందాము. దానిని పూర్తిగా నిలపడానికి బ్రేకులు ఎంత శక్తిని వేడిగా మార్చాలో, అదే బండి 100 మీటర్ల ఎత్తు దిగేటప్పుడు దానికి సుమారు 7 రెట్లు శక్తి విడుదలవుతుంది. అంటే వేగం పెరగకుండా పెడలు మీదనే ఆధారపడి దిగినవాడు, వరుసగా ఏడుసార్లు బండిని 60 నుంచి సున్నాకు తెచ్చినంత వేడిని బ్రేకుల మీద పోసినట్లు. లైనింగులు కాలిన వాసన వస్తుంది, పొగ వస్తుంది; ఆ తరువాత పెడలు తొక్కినా పట్టు ఉండదు. ఈ శక్తిని ఇంజను చేత మింగించాలి. దిగుడు మొదలు కాకముందే వేగం తగ్గించి, చిన్న గేరులో పడవేసి, ఎగ్జాస్టు బ్రేకు వాడుకొంటూ, వేగం హద్దు దాటినప్పుడు మాత్రమే పెడలు గట్టిగా తొక్కి వదలాలి. సగం దిగిన తరువాత గేరు మార్చబోతే గేరు పడక బండి వదులైపోయే అవకాశం ఉన్నది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించే అలవాటు ఇప్పటికీ పోలేదు. గేరు పెట్టి దిగే ఆధునిక ఇంజనులో పెడలు వదలినప్పుడు డీజిలు సరఫరా దాదాపు ఆగిపోతుంది గనుక, ఆ ఆదా కూడా భ్రమే. ఇంజను ఆపి దించేవారి సాహసం మరొక మెట్టు పైది. ఇంజను ఆగితే గాలి నింపే కంప్రెసరు ఆగుతుంది, స్టీరింగుకు సాయమూ పోతుంది.

తడి రోడ్డు మీద మరొక చిక్కు. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు ముందు బండి వెనుక చక్రాలు జారితే, వెనుకనుంచి ట్రైలరు నెట్టుకొనివచ్చి, కీలు దగ్గర బండి జేబు చాకువలె మడుచుకుపోతుంది. నిండు బండి కంటె ఖాళీ బండికే ఈ ప్రమాదం ఎక్కువ. ఖాళీగా ఉన్నది కదా అని తిరుగు ప్రయాణంలో వేగం పెంచేవారికి ఈ మాట వింతగా తోచవచ్చును. చక్రాల మీద బరువు లేకపోతే నేల పట్టు ఉండదనేదే కారణం. చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏ.బి.ఎస్. పరికరం ఎంతో మేలు చేస్తుంది గాని, మలుపులో పడవలసిన వేగాన్ని అది నిర్ణయించదు. సరకు వాహనాలకు నాలుగు వరుసల రోడ్ల మీద 80, ఇతర రోడ్ల మీద 60 కిలోమీటర్లు 2018లో ప్రకటించిన గరిష్ఠ పరిమితులు. అవి ఎండరోజున తిన్నని రోడ్డుకు చెప్పిన హద్దులని గుర్తుంచుకొనాలి.

బరువు విషయంలో రెండు ప్రశ్నలున్నవి. ఎంత, ఎక్కడ? 2018లో ఇరుసు బరువుల పరిమితి పెంచినప్పుడు వాహనం మొత్తం బరువుకు పైహద్దు 49 టన్నుల నుంచి 55 టన్నులకు చేరినది. ప్రతి ట్రైలరుకూ ఇంత బరువు అనుమతి లేదు. ఇరుసుల సంఖ్యను బట్టి రిజిస్ట్రేషను పత్రంలో వ్రాసినదే దాని హద్దు. మించితే 2019 సవరణ ప్రకారం 20,000 రూపాయల జరిమానా, అదనపు ప్రతి టన్నుకూ మరి 2,000. ఎక్కడ అన్న ప్రశ్న అంతకన్న సూక్ష్మమైనది. బరువు మరీ వెనుక పడితే కింగ్ పిన్ మీద భారం తగ్గి, ముందు బండి చక్రాలు ఎక్కుడులో తిరిగిన చోటనే తిరుగుతాయి. మరీ ముందు పడితే ముందు బండి ఇరుసులు హద్దు దాటుతాయి. ఉక్కు కాయిలు విషయంలో మరొక జాగ్రత్త. పదుల టన్నుల గుండ్రని సరకు దొర్లడానికే పుట్టినట్లుంటుంది. దానిని గాడిలో గాని, దృఢమైన చీలల నడుమ గాని కూర్చోబెట్టి, గొలుసులతో ముందుకూ వెనుకకూ కట్టాలి. తాళ్ళు దీనికి పనికిరావు. కొంత దూరం పోయిన తరువాత ఆగి గొలుసులు మళ్ళీ బిగించాలి, ఎందుకంటే మొదటి గతుకులకే సరకు సర్దుకొని గొలుసు వదులవుతుంది.

2020 ఏప్రిల్ నుంచి అమ్మే బి.ఎస్.6 లారీలలో డీజిలుతో పాటు యూరియా ద్రవం తొట్టి ఉంటుంది. పాత లారీ నుంచి కొత్త ట్రైలరుకు మారినవారు దీనిని పట్టించుకొనక దెబ్బతింటారు. ద్రవం అయిపోతే ఇంజను తన బలాన్ని తానే తగ్గించుకొంటుంది. పొలాలకు వాడే యూరియాను నీటిలో కలిపి పోసే ప్రయత్నం వల్ల పోయే పరికరం ఖరీదు వినడానికే భయం కలిగిస్తుంది. సుక్మా దాటిన తరువాత అన్ని చోట్లా దొరుకుతుందని అనుకొనక, ఒక డబ్బా వెంట ఉంచుకొనాలి.

వాన కాలంలో మార్గం గురించి కూడా విచారించాలి. గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు శబరి నీరు ముందుకు పోక ఎగదన్ని చింతూరు, కుంట పరిసరాలను ముంచుతుంది. 2022 జూలైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71 అడుగులు దాటినది. అటువంటి రోజులలో నీటి లోతు తెలియని రోడ్డు మీదికి ట్రైలరును దింపితే, మధ్యలో ఆగిన తరువాత వెనక్కు రావడానికి వీలుండదు. పొడవు బండికి తిరిగే చోటే లేదు. భద్రాచలంలోనో సుక్మాలోనో నిలిచి కబురు తెలుసుకొనడానికి తెలుగు, హిందీ రెండూ కావాలి. ఈ ప్రాంతపు డ్రైవరుకు ఆ రెండూ పుట్టుకతో వచ్చిన పెట్టుబడి. జగదల్‌పూర్ మెకానిక్కుతో హిందీలోను, లారీ బాడీలకు పేరుబడ్డ విజయవాడ ఆటోనగర్‌లో తెలుగులోను, ఊరి కుర్ర క్లీనరుతో కోయ మాటలోను ఒకే లోపాన్ని వివరించగలవాడు మోసపోవడం తక్కువ.

నిద్ర సంగతి చివరికి మిగిలినా చిన్నది కాదు. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పనివేళలుగా నిర్ణయించినది. అయిదు గంటల పని తరువాత కనీసం అరగంట విశ్రాంతి ఉండాలని ఆ చట్టం చెప్పినది. జీతగాడికి ఈ హద్దు యజమాని పాటించాలి. తానే యజమాని, తానే డ్రైవరు అయినవాడికి హద్దు చెప్పే మనిషి లేడు. వాయిదా మాత్రం నెలనెలా చెబుతూ ఉంటుంది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే భారీ లారీల క్యాబినులకు ఏ.సి. తప్పనిసరి అయినందువల్ల ఎండ బాధ కొంత తగ్గవచ్చును. తెల్లవారుజాము మూడు గంటలకు కమ్ముకొచ్చే కునుకును ఏ.సి. ఆపలేదు.

కనుక బండి కొనేటప్పుడే అప్పు లెక్కలో మొదటి రెండు మూడు నెలలకు సగం ఆదాయమే వేసుకొనాలి. మొదటి వాయిదాకు గడువు అడిగి చూడవచ్చును. మొదటి వారం మైదానం. తరువాత ఖాళీ బండితో కుంట నుంచి సుక్మా వరకు పగటిపూట ప్రయాణాలు. ఆ పైన సగం బరువు, పక్కన పెద్ద డ్రైవరు. నిండు బరువుతో ఘాటు దిగడం ఆఖరున. ఆ రోజున కేశ్‌కాల్ పైన బండి ఆపి, దిగి, బ్రేకు డ్రమ్ముల వేడి చేత్తో దగ్గరగా పెట్టి చూసుకొని, గేరు చిన్నది చేసుకొని, వెనుక హారను మ్రోగించే బస్సుకు దారి ఇచ్చి, తరువాత మొదటి మలుపులోకి దిగాలి.